ముడతలేని తెరచాప

సీట్లాయన చేతిపని మీద ఊళ్ళో సగంమంది కూర్చున్నారు. దాన్ని చూసినవాళ్ళు మాత్రం లేరు. టాక్సీ సీట్లకి కవర్లు కుట్టేవాడి బతుకు అంతే. మనిషి తలుపు తీస్తాడు, ఎక్కుతాడు, ఆయన రెండు రోజుల శ్రమని తన బరువుతో కప్పేస్తాడు, ఆపైన కిటికీలోంచి సముద్రం ఎక్కడుందా అని చూస్తాడు. దిగాక డ్రైవరుతో తగువు పడతాడు. వెనక్కి తిరిగి "ఆహా, ఏం కుట్టు!" అన్న ప్రయాణికుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

ఈ సంగతి సీట్లాయన్ని లోలోపల తొలిచేది. పైకి చెప్పుకోలేడు. ఏమని చెప్పుకుంటాడు, జనం నా పని మీద కూర్చుంటున్నారు అనా?

రేవు వెనక సందులో, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఎదురుగా ఆయన దుకాణం. దుకాణమంటే ఇంటి ముందుగదే. పరదాకి ఇవతల వ్యాపారం, అవతల సంసారం. రెక్సిన్ కుట్టే బరువైన పాత మిషను ఆయనది, అంచులకి పైపింగ్ పట్టీ కుట్టే చిన్న మిషను భార్యది. మూలన నిలబెట్టిన ఫోము రోలు, వచ్చిన పని మరిచిపోయిన చుట్టంలా ఎప్పుడూ అక్కడే ఉండేది. పని చేస్తున్నంతసేపూ ఆయన నోట్లో చిన్న చిన్న మేకులు ఉండేవి. చెక్క చట్రానికి గుడ్డ బిగించేటప్పుడు పెదాల మధ్యనుంచి ఒక్కొక్కటే తీసి కొట్టడం అలవాటు. దాంతో సందులో ఆయనకి మితభాషి అన్న పేరు వచ్చింది. భార్య ఆ మాట విని, "మేకులు తీసి చూడండి, తెలుస్తుంది" అనేది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. ముడత ఉండకూడదు. గుడ్డని సీటుకన్నా పిసరంత చిన్నగా కత్తిరించాలి, అంచులో ఎలాస్టిక్ పెట్టాలి, లాగి తొడగాలి. వేలితో కొడితే డప్పులా మోగాలి. పెళ్ళయిన కొత్తలో భార్య మంచం మీద దుప్పటి పరిస్తే, ఆయన కాసేపు బాధగా చూసి, లేచి, దాన్ని తీసుకెళ్ళి నాలుగు మూలలకీ ఎలాస్టిక్ కుట్టి పట్టుకొచ్చాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో దుప్పటి కదల్లేదని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. ఆ రోజే తన ఖర్మ అర్థమైందని ఆవిడ చెబుతుంది.

ఇలా సాఫీగా, ముడత లేకుండా పోతున్న జీవితంలోకి బామ్మర్ది వచ్చాడు.

బామ్మర్దికి నోరే ఆస్తి. ఫోను కవర్లు అమ్మాడు, హోటల్లో గదుల తాళాలు ఇచ్చాడు, ఎవరిదో పెళ్ళిలో మైకు పట్టుకున్నాడు, ఎక్కడా కుదురుగా ఉండలేదు. హోటల్లో ఉన్నప్పుడు మాత్రం ఒక సంగతి కనిపెట్టాడు. శని ఆదివారాలకి బిలబిలా దిగే జనం మధ్యాహ్నానికల్లా బీచ్ చూసేస్తారు. సాయంత్రానికి వీపు మండిపోయి, బూట్లలో ఇసకతో లాంజ్‌లో కూలబడి, "ఇంతేనా?" అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ళకి "ఇంతే కాదు" అని అమ్మొచ్చు కదా! ఉద్యోగం మానేసి, "బీచ్‌కి అవతల అసలు నగరం" అని అట్ట రాయించి, మెడలో ఐడీ కార్డులాంటిది వేలాడేసుకుని గైడ్ అయిపోయాడు.

చిక్కల్లా అసలు నగరంతోనే వచ్చింది. అసలు నగరంలో జనం చూడముచ్చటగా ఏమీ చేయరు. కరెంటాఫీసు ముందు నిలబడతారు, పిల్లల్ని తిడతారు, గ్యాస్ బండ మోస్తారు. వలలు ఫ్యాక్టరీలో అల్లుతున్నారు. లైట్‌హౌస్ దీపం తనంతట తానే వెలిగి ఆరుతోంది. ఒక శనివారం పొద్దున అలా తిప్పగా తిప్పగా, పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ ఆగిపోయి, "ఇక్కడ చేతిపనులు చేసేవాళ్ళు ఎవరూ లేరా? తరతరాలుగా... అలాంటివాళ్ళు?" అని అడిగింది. అడిగిన చోటు సరిగ్గా అక్కగారి గుమ్మం ముందు.

లోపల సీట్లాయన నేల మీద కూర్చుని, ఎవరిదో జీపు పైకప్పు కోసం తెల్ల కాన్వాసు గుడ్డ ఒళ్ళో పరుచుకుని అంచు కుడుతున్నాడు.

బామ్మర్ది కళ్ళు మెరిశాయి. "అడిగారు కాబట్టి చెబుతున్నాను. మామూలుగా ఇక్కడికి ఎవర్నీ తీసుకురాను. ఈ రేవులో తెరచాపలు కుట్టే వంశంలో ఆఖరివారు వీరే."

సీట్లాయన తలెత్తాడు. నోటినిండా మేకులు. "ఊఁ... ఊఁహూఁ" అన్నాడు.

"ఎక్కువ మాట్లాడరు," అన్నాడు బామ్మర్ది గొంతు తగ్గించి. "సముద్రంతోనే ఆయన మాటలన్నీ."

పరదా వెనకనుంచి ఎవరో గరిటె కింద పడేసిన చప్పుడైంది.

సీట్లాయన మేకులు అరచేతిలోకి ఉమ్మి నిజం చెప్పేసేవాడే. ఇంతలో టోపీ ఆవిడ వంగి, కాన్వాసు అంచుని వేలితో తడిమి, "అబ్బ, కుట్టు ఎంత సూటిగా ఉందో చూడండి!" అంది. వెనకాలవాళ్ళంతా మెడలు చాచి చూశారు. కుట్టుని చూశారు! ఫొటోలు తీసుకున్నారు. ఆ మేకులు నోట్లోనే ఉండిపోయాయి.

వాళ్ళు వెళ్ళగానే భార్య పరదా తోసుకుని వచ్చింది. "ఒరేయ్, సిగ్గులేదురా? నా మొగుడు ఏ సముద్రంతో మాట్లాడాడు? స్నానానికి వేన్నీళ్ళు లేకపోతే అరుస్తాడు, అది తప్ప నీళ్ళతో ఈయనకి మాటల్లేవు!"

"అక్కా, ఒక్క చిన్న అబద్ధం. ఎవరికి నష్టం?"

"మీరేమంటారు?" అని మొగుడి వైపు తిరిగింది.

సీట్లాయన కాన్వాసు అంచుని తనూ ఒకసారి తడిమి చూసుకున్నాడు. "సూటిగానే ఉంది కదే," అన్నాడు.

అంతే, మునగచెట్టు ఎక్కేశాడు. ప్రతి శనివారం పొద్దున్నే ఒళ్ళో తెల్లగుడ్డ, తలకి బామ్మర్ది తెచ్చిచ్చిన నావికుల టోపీ. కుడుతూ కుడుతూ మధ్యలో సూది ఆపి దూరంగా చూడటం కూడా నేర్చుకున్నాడు. దుకాణానికీ సముద్రానికీ మధ్య కార్ల పార్కింగ్ కోసం కట్టిన అంతస్తుల భవనం ఉంది. ఆయన చూపు ఆ భవనం రెండో అంతస్తులో ఆగిన తెల్ల వ్యానుకి తగిలి అక్కడే ఉండేది. చూసేవాళ్ళకి మాత్రం ఆ కళ్ళలో అలలు కనిపించేవి. ఒకాయన చెమర్చిన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఈలోగా టాక్సీల పని మూలపడింది. టాక్సీ స్టాండులో అందరికన్నా పాత డ్రైవరు ఒకడున్నాడు. బండి హారన్ కన్నా ఆయన గొంతే పెద్దదని అందరూ హారన్ అనేవారు. సీట్లాయనకి స్టాండు మొత్తం పని ఆయన మాట మీదే వచ్చేది. వానలు పడేలోపు అన్ని బండ్లకీ కొత్త కవర్లు కావాలి. సీట్లాయన "రేపు", "సోమవారం", "వాళ్ళు వెళ్ళాక" అంటూ నెట్టుకొస్తున్నాడు.

"ఏవయ్యా నావికుడా," అని ఒకనాడు గుమ్మంలో నిలబడి అరిచాడు హారన్. "నా వెనక సీట్లో స్ప్రింగు పైకొచ్చింది. నిన్న ఎక్కినాయన దిగేటప్పుడు ప్యాంటు సగం నా బండిలో వదిలి వెళ్ళాడు. ఎప్పుడు కుడతావు?"

"అన్నా, ఒక్క వారం..."

"మెయిన్‌రోడ్డు మీద రెడీమేడ్ కవర్ల దుకాణం పెట్టారు. స్టాండులో కుర్రాళ్ళంతా అటే చూస్తున్నారు. నేనే ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపమంటావు? ఓడ వచ్చేదాకానా?"

హారన్ వెళ్ళాక భార్య మిషను తొక్కడం ఆపింది. "స్టాండు పోతే ఈ దుకాణం లేదు. తెలుస్తోందా? ఆ టోపీవాళ్ళు ఫొటో తీసుకుని పోతారు. మళ్ళీ వాన పడితే మన గుమ్మం ఎక్కేది ఆయనే."

తెలుస్తూనే ఉంది. కానీ ఆ శనివారం పడవల క్లబ్బు కార్యదర్శి వచ్చాడు.

కార్యదర్శి అంటే బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి. పడవ నడపడం కన్నా పడవ పక్కన నిలబడి ఫొటో దిగడంలో అనుభవం ఎక్కువ. పై వారం ఆదివారం క్లబ్బు వార్షికోత్సవం. రేవులో పడవలన్నీ తిరుగుతాయి, ఊరంతా వస్తుంది. "మాస్టారూ," అన్నాడు చేతులు జోడించి, "మీలాంటి కళాకారులు పక్కనే ఉండగా మేం కంపెనీ తెరచాపలు కొనుక్కోవడం పాపం. నా పడవకి మీ చేత్తో ఒకటి కుట్టి ఇవ్వాలి. కొలతకి పాతది పంపిస్తాను."

సీట్లాయన కుట్టు ఆపాడు. భార్య మిషను వెనకనుంచి కళ్ళతోనే చెప్పేసింది, ఇప్పుడైనా నిజం చెప్పండి అని. ఈసారి నోట్లో మేకులు లేవు. సాకు లేదు. ఆయన నోరు తెరిచాడు.

"శుక్రవారం కల్లా ఇచ్చేస్తాను," అంది ఆ నోరు.

పాత తెరచాప వచ్చింది. దాన్ని సందులో పరిచి, చుట్టూ తిరిగి చూసి, సీట్లాయన తల పట్టుకున్నాడు. నడిమధ్యలో గుడ్డ లూజుగా ఉంది. ఎంత సాగదీసినా పొట్టలా ఉబ్బుతోంది. ఒక అంచు వంకర తిరిగి ఉంది.

"చూశావుటే, ఎవడో పని రానివాడు కుట్టాడు. అన్నీ ముడతలే!"

"గాలి కోసం అలా వదిలారేమో," అంది భార్య.

"గాలి కోసమని గుడ్డ పాడుచేసుకుంటారా ఎవరైనా? వాడి వాడి సాగిపోయిందే ఇది."

ఇక చెయ్యి ఆగలేదు. కొత్త కాన్వాసు పరిచి, వంకర అంచు ఉండాల్సిన చోట సుద్దముక్కతో గీసి సూటిగా కత్తిరించాడు. పొట్ట లేకుండా చేశాడు. గుడ్డని చుట్టూ పిసరంత చిన్నది చేసి, అంచంతా మందపాటి ఎలాస్టిక్ ఎక్కించాడు. రెండు వరసల కుట్టు వేశాడు. ఎంత వద్దనుకున్నా, తన మొగుడి పని బోసిగా పోవడం ఇష్టం లేక ఆవిడ చుట్టూ ఎర్ర పైపింగ్ వేసింది. శుక్రవారం దాన్ని గోడకి కట్టి వేలితో కొడితే డప్పులా మోగింది. ఆయన జన్మలో అంత మంచి కుట్టు కుట్టలేదు. వెనకవైపు ఒక జేబు కూడా ఉంది. అది ఎప్పుడు పెట్టాడో ఆయనకే తెలీదు. డ్రైవరు సీటు వెనక పేపర్లు పెట్టుకోవడానికి ప్రతి కవరుకీ పెట్టే జేబు అది, చేతి అలవాటు.

కార్యదర్శి ఎలాస్టిక్‌ని లాగి వదిలాడు. అది టప్పున మూసుకుంది. "ఇది... మీ వంశ రహస్యమా?"

సీట్లాయన నేల చూపులు చూశాడు. బామ్మర్ది తల ఊపాడు.

"మరి ఈ జేబు?"

"సముద్రపటం పెట్టుకోవడానికండీ," అన్నాడు బామ్మర్ది తడుముకోకుండా. "పూర్వం తుఫానులో పటం కొట్టుకుపోకుండా."

కార్యదర్శి కళ్ళు మూసుకుని ఆ జేబుని గుండెలకి హత్తుకున్నాడు. చదువుకున్నవాడు కదా, పక్కవాళ్ళని ఎవర్నీ అడగలేదు.

ఆదివారం రేవు గట్టు జనంతో నిండిపోయింది. బామ్మర్ది తన టూరిస్టుల మందని ముందువరసలో నిలబెట్టాడు. ఇంకోవైపు హారన్, స్టాండు కుర్రాళ్ళు. సీట్లాయన ఇద్దరికీ మధ్య, ఎటూ చెందనట్టు, టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. పక్కన భార్య ఉంది. ఆవిడ ఏమీ అనడం లేదు. దానికే ఆయనకి ఎక్కువ భయం వేసింది.

తెరచాప పైకి లేచింది. తెల్లగా, ఎర్ర అంచుతో, ఒక్క ముడత లేకుండా, రేవు మధ్యలో నిలువుగా నిలబెట్టిన పెద్ద సోఫా వీపులా ఉంది. జనం "ఓ..." అన్నారు. అప్పుడు గాలి వచ్చింది.

మామూలు తెరచాప గాలిని పొట్టలో దాచుకుంటుంది. ఇది సీటు కవరు. బరువు పడితే సాగడం, లేస్తే టప్పున వెనక్కి రావడం దానికి నేర్పిన విద్య. గాలి దాని మీద కూర్చున్నంతసేపూ ఎలాస్టిక్ సాగింది, కాస్త లేవగానే మూసుకుంది. పడవ ముందుకి ఒక గెంతు గెంతింది, ఆగింది, పక్కకి ఒక గెంతు గెంతింది. కార్యదర్శి తెరచాప కొయ్యని కౌగిలించుకున్నాడు. పడవ ఎక్కిళ్ళు పెడుతూ ఇతర పడవల మధ్యనుంచి వంకరటింకరగా వచ్చి, గట్టు కింద బురదలో మూతి పెట్టింది. కొయ్య ఫెళ్ళున విరిగింది. కార్యదర్శి నడుము దాకా బురదలో దిగబడి, ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, ఫొటో కోసమేమో.

ముందు హారన్ నవ్వాడు. ఆ నవ్వుకి రేవులో పక్షులు లేచాయి. స్టాండు కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

"ఇదండీ," అన్నాడు బామ్మర్ది తన మందతో, గుటక వేసి. "తీరం చేరే పద్ధతి. అలల మీద గెంతుతూ రావడం. ఈ కాలంలో ఎవరికీ తెలీదు."

చప్పట్లు!

ఆ చప్పట్లు సీట్లాయనకి చెంపదెబ్బల్లా తగిలాయి. టోపీ కింద పడేసి వాళ్ళ ముందుకి వెళ్ళాడు. "అయ్యా, అమ్మా, అది తెరచాప కాదు. సీటు కవరు. నేను టాక్సీ సీట్లు కుట్టేవాణ్ణి. మా తాత కూడా తెరచాప కుట్టలేదు, ఆయన సైకిలు పంక్చర్లు వేసేవాడు. నాకు ఈత కూడా రాదు!"

వాళ్ళు ఆయన్ని అపురూపంగా చూశారు. "ఎంత వినయం!" అంది ఒకావిడ. "గొప్ప కళాకారులంతా ఇంతే," అన్నాడు పక్కాయన. ఇంకొకాయన "సైకిలు పంక్చర్లు... ఎంత లోతైన మాట" అని ఫోనులో రాసుకున్నాడు.

సీట్లాయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం చెప్పడానికి ఎవరూ అడ్డు రాలేదు, నిజం చెబుదామంటే వినేవాళ్ళు లేరు. వెనక్కి తిరిగి చూస్తే టాక్సీలన్నీ వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున్నే టాక్సీ స్టాండుకి వెళ్ళాడు. "అన్నా, సీటు విప్పి ఇవ్వు. ఇవాళే కుడతాను."

"మాకెందుకయ్యా," అన్నాడు హారన్ స్టీరింగ్ తుడుస్తూ. "మేం సముద్రం మీద పోయేవాళ్ళం కాదు. రోడ్డు మీద గెంతితే పోలీసులు పట్టుకుంటారు." బండిలో అప్పటికే మెరుస్తూ కొత్త రెడీమేడ్ కవరు ఉంది. సీట్లాయన దాన్ని చూసి వచ్చేశాడు. దాన్నిండా ముడతలు. ఆ మాట అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఆ వారమంతా ఆయన మిషను మాట్లాడలేదు. భార్య మాట్లాడింది, వారానికి సరిపడా.

శుక్రవారం గుమ్మం ముందు టాక్సీ ఆగింది. హారన్ దిగి, వెనక సీటు ఊడబెరికి, లోపలికి తెచ్చి పడేశాడు.

"ఆ కవరు జారుతోందయ్యా! మలుపు తిరిగితే చాలు ప్యాసింజరు జారుకుంటూ వచ్చి నా వీపు మీద వాలుతున్నాడు. నిన్న ఒక ముసలాయన నా చంకలోంచి తల బయటపెట్టి అడ్రసు చెప్పాడు." సీట్లాయన మొహంలోకి చూసి గొంతు ఒక మెట్టు తగ్గించాడు. ఆయన తగ్గిస్తే మామూలు మనుషుల అరుపంత ఉంటుంది. "ఆ సాయంత్రం బురదలోంచి నీ గుడ్డని లాగింది మా కుర్రాళ్ళే. కొయ్య విరిగింది గానీ ఒక్క కుట్టు ఊడలేదు. నీ పని బాగానే ఉంది. నీ బుర్రకే ముడత పడింది."

"అన్నయ్యా, టీ తాగి వెళ్ళండి," అంది భార్య. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతు మెత్తబడింది.

క్లబ్బు వాళ్ళు తిప్పి పంపిన తెరచాపని ఆవిడే ఉతికి ఆరేసింది. సీట్లాయన దాన్ని ముక్కలు కోసి, హారన్ సీటుకి లోపలి లైనింగ్‌గా వేశాడు. పైన మంచి రెక్సిన్, అంచుకి భార్య వేసిన ఎర్ర పైపింగ్. మిషను జరిపి, వీధి వైపు వీపు పెట్టి, గోడకేసి కూర్చున్నాడు. ఇక ఎవరొచ్చినా చూడదలుచుకోలేదు.

శనివారం మధ్యాహ్నం బామ్మర్ది మళ్ళీ మందని తోలుకొచ్చాడు. బావ వీపుని చూసి అర సెకను తడబడ్డాడేమో.

"ఆ ప్రమాదం తర్వాత," అన్నాడు బరువుగా, "సముద్రం వైపు మొహం తిప్పడం మానేశారు. మాట కూడా మానేశారు."

గోడకేసి ఉన్న మనిషి భుజాలు కదిలాయి. ఆయన అరచేతిలోకి మేకులు ఉమ్మి, లేచి, ఇటు తిరిగాడు. పూర్తయిన టాక్సీ సీటుని రెండు చేతులా ఎత్తి తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"టాక్సీ సీటు," అన్నాడు. "చూడక్కర్లేదు. ఫొటోలు వద్దు. కూర్చోండి."

జనం బామ్మర్ది వైపు చూశారు. బామ్మర్ది నోరు తెరిచాడు గానీ, సీటు గురించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. మందలో ఒక లావుపాటి ఆవిడ పొద్దుటినుంచీ అసలు నగరం తిరిగి తిరిగి కాళ్ళు బొబ్బలెక్కి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. ఆవిడకి వంశాలతో పని లేదు. వచ్చి సీటు మీద కూలబడింది. సీటు ఆవిడ బరువుకి సాగింది, పట్టుకుంది, జారలేదు.

"అబ్బ..." అంది ఆవిడ కళ్ళు మూసుకుని. చెప్పులు కింద పడేసి, "మీరు వెళ్ళి చూసి రండి. నేనిక్కడే ఉంటాను" అని మొగుడితో అంది.

సీట్లాయన ఆ "అబ్బ"ని నిలబడి విన్నాడు. ఆవిడ కుట్టుని చూడలేదు. చూసే స్థితిలో లేదు.

"ఎర్రపైపింగ్ కూడా చూపించరాదూ ఆవిడకి," అంది భార్య మిషను తొక్కుతూ.

"ఎలా చూపించనే," అన్నాడు ఆయన మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకోబోతూ, "దాని మీద కూర్చుంది కదా."